భువనగిరి దారిలో ఎనిమిది గుంటలు: బయానా ఇచ్చే ముందు ఏమేమి చూడాలి?

కొత్తబేరం | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇంతకాలం చదివి వెళ్లిపోయేవాడిని, రాయడం ఇదే మొదటిసారి. హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం. పదిహేడేళ్లు కూడబెట్టినది, ఊళ్లో ఇల్లు అమ్మితే నా వాటాకు వచ్చినది కలిపి చేతిలో 32 లక్షలు ఉన్నాయి. ఇల్లు కట్టే ఉద్దేశం లేదు. పాప ఇప్పుడు మూడో తరగతి. తన పెద్ద చదువులనాటికి అక్కరకు వచ్చేలా ఎక్కడైనా ఖాళీ జాగా కొని పదేళ్లు వదిలేయాలని ఆలోచన.

రెండు బేరాలు వచ్చాయి. మొదటిది భువనగిరి దాటి వలిగొండ వెళ్లే దారిలో, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపల. ఎనిమిది గుంటల ఫామ్ ప్లాటు, గుంట మూడున్నర లక్షలు, మొత్తం 28 లక్షలు. శ్రీగంధం మొక్కలు వాళ్లే నాటి ఇస్తారట, పాస్‌బుక్కు నా పేరున వస్తుందట, ప్రాంతీయ రింగు రోడ్డు పక్కనే పోతుందట. రెండోది బీబీనగర్ ఎయిమ్స్ వైపు, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుట్‌లో 200 గజాలు. గజం 14 వేలు. అదీ 28 లక్షలే.

ఒకే డబ్బుకు ఒకచోట 968 గజాలు, ఇంకోచోట 200 గజాలు. నిజం చెప్పాలంటే మనసు మొదటిదాని చుట్టే తిరుగుతోంది. మధ్యవర్తి బుధవారం లోపల రెండు లక్షలు బయానా కట్టమంటున్నాడు, లేకపోతే వేరేవాళ్లు సిద్ధంగా ఉన్నారట. పాస్‌బుక్కు, పదమూడేళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల జాబితా) జిరాక్సులు ఇచ్చాడు. ఇవి సరిపోతాయా?

వడ్డీకాసు | ఆదివారం, రాత్రి 9:52

బుధవారం దాటితే ఆ భూమి లేచి ఎక్కడికైనా వెళ్లిపోతుందా? భూమికి లేని తొందర మధ్యవర్తికి ఎందుకు? ఆ గడువు సంగతి మరిచిపోయి, ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా ఉండండి. మిగతాది పెద్దలు చెబుతారు.

ముప్పైమూడడుగులు | ఆదివారం, రాత్రి 10:35

ముప్పై ఒక్క ఏళ్లు సర్వే శాఖలో గొలుసు లాగినవాడిని, రిటైరై ఆరేళ్లు. పేరేమిటని అడగబోయేవారి కోసం: మా గొలుసు పొడవు 33 అడుగులు. 33 అడుగుల చదరం ఒక గుంట, అంటే 121 గజాలు. అలాంటివి 40 అయితే ఎకరం.

మీ చేతిలో ఉన్న రెండు కాగితాలూ అమ్మేవాడి గురించి చెబుతాయి, భూమి గురించి కాదు. పాస్‌బుక్కులో సర్వే నంబరు పక్కన గీత గీసి అ, ఆ, ఇ అని ఉంటుంది చూడండి. అవి ఉపవిభాగాలు. చాలా ఊళ్లలో అవి కాగితం మీద పుట్టినవే తప్ప, నేల మీద ఎవరూ కొలిచి రాళ్లు పాతలేదు. అన్నదమ్ములు గట్టు వేసుకుని పంచుకున్నారు, పట్వారీ రాసుకున్నాడు, అంతే. కాబట్టి ఆ సర్వే నంబరులో ఉన్న ఉపవిభాగాలన్నింటి విస్తీర్ణం భూభారతిలో, అంటే సర్కారు భూమి రికార్డుల సైటులో, ఒక్కొక్కటిగా తీసి కూడండి. ఆ మొత్తాన్ని సేత్వారులో, అంటే మొదటి సర్వే నాటి రిజిస్టరులో ఉన్న అసలు విస్తీర్ణంతో పోల్చండి. కూడిక ఎక్కువ వచ్చిందంటే నేల మీద లేని భూమి కాగితం మీద ఉందన్నమాట. ఆ తరుగు చివరగా కొన్నవాడి నెత్తిన పడుతుంది. నన్ను పిలిపించిన గొడవల్లో సగం ఇవే.

ఆ తర్వాత గ్రామ నక్షా (ఊరి పటం), ఆ నంబరు టిపన్ నకలు తీసుకోండి. టిపన్‌లో చేను ఆకారం, కొలతలు ఉంటాయి. నక్షాలో బండ్లబాట ఉంటుంది. మీ ఎనిమిది గుంటలకు వెళ్లే దారి ఆ నక్షాలో కనిపిస్తోందా, లేక అమ్మేవాడు మొరం పోయించి కొత్తగా వేసిన దారా? ఇది తేలకుండా బయానా మాట ఎత్తకండి. దారి లేని భూమి ఎంత ఉన్నా పక్కవాడి దయ మీద బతకాల్సిందే.

పత్తిచేను | సోమవారం, ఉదయం 6:10

పెద్దాయన చెప్పినవి సరే. రైతుగా నాదొక మాట. మధ్యవర్తి కారు ఎక్కకుండా మీ అంతట మీరు వెళ్లండి. వాన పడుతున్నప్పుడో, పడిన మరునాడో వెళ్లండి. ఎండాకాలంలో ప్రతి భూమీ మంచిదే, గుణం బయటపడేది వానలోనే. ఇప్పుడు భాద్రపదం, అదను మీ చేతిలోనే ఉంది.

నల్లరేగడా, ఎర్రనేలా, రాళ్ల చెలకా చూసుకోండి. రేగడి అయితే పత్తికి బంగారం, పునాదికి శత్రువు. ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే నేల మీద గోడ నిలబెట్టాలంటే లోతుకు దిగాలి, ఖర్చూ లోతుకు దిగుతుంది. మీరు కట్టకపోయినా రేపు మీ దగ్గర కొనేవాడు ఆ లెక్క వేస్తాడు.

పక్క చేల వాళ్లతో మాట్లాడండి. కొనేవాడిలా కాదు, మంచినీళ్లు అడిగినవాడిలా. ఎకరం ఎంత పలుకుతోందో, బోర్లు ఎంత లోతు పోయాయో వాళ్లే చెబుతారు. మేకలు కాసేవాళ్లకు తెలిసినంత భూమి సంగతి ఏ ఆఫీసులోనూ తెలియదు.

కమీషన్ ఒక్కశాతం | సోమవారం, ఉదయం 11:20

నేనూ మధ్యవర్తినే. తిట్టే ముందు చదవండి.

ఫామ్ ప్లాట్ల లెక్క ఇలా ఉంటుంది. రైతుతో ఎకరాల చొప్పున మాట్లాడుకుంటారు. మొత్తం ఒకేసారి కట్టరు, అగ్రిమెంటు రాసుకుని వాయిదాలు పెట్టుకుంటారు. ఎకరంలో ఆరు గుంటలు దారికి పోతే 34 మిగులుతాయి. గుంట మూడున్నర లక్షలంటే ఎకరానికి కోటీ 19 లక్షలు. అందులో రైతుకు ఎంత ముడుతోందో తెలిస్తే మీ ఎనిమిది గుంటల అసలు విలువ తెలిసిపోతుంది. బుధవారం గడువు ఎందుకంటారా? రైతుకు కట్టాల్సిన వాయిదా బహుశా గురువారం ఉండి ఉంటుంది.

కంచె, గేటు, గేటు మీద రంగుల అక్షరాలు, మొక్కలు అన్నీ ఆ ధరలోనే ఉన్నాయి. శ్రీగంధం చేవ పట్టి కోతకు రావాలంటే పదిహేనేళ్లు దాటుతుంది. అన్నాళ్లూ నీళ్లు ఎవరు పెడతారు, చేవ పట్టాక దొంగల నుంచి ఎవరు కాపాడతారు అని అడగండి. జవాబు చెప్పినవాడిని నేనింతవరకు చూడలేదు.

రింగు రోడ్డు విషయం. ఉత్తర భాగం సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ వరకు వస్తుంది, నిజమే. కానీ సేకరణకు సర్వే నంబర్లతో గెజిట్ వస్తుంది. మీ నంబరు అందులో ఉందేమో చూసుకోండి. ‘రింగు పక్కన’ అన్నది రింగు కిందే తేలిన బేరాలు నేను చూశాను. పైగా అది ఎక్కడపడితే అక్కడ ఎక్కే రోడ్డు కాదు. ఎక్కే దిగే చోటు దగ్గరుంటేనే భూమికి ధర, లేకపోతే లారీల మోత వినడానికి తప్ప ఆ రోడ్డు ఎందుకూ పనికిరాదు.

నల్లకోటు | సోమవారం, రాత్రి 8:15

వకీలును. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

తెలంగాణలో లేఅవుట్ అనుమతి లేకుండా వ్యవసాయ భూమిని చిన్న ముక్కలుగా కోసి ఫామ్ ప్లాట్లని అమ్మడం కుదరదు. 20 గుంటలకు, అంటే సుమారు 2,000 చదరపు మీటర్లకు తక్కువైన ముక్కలు కొనవద్దని హైదరాబాదులో చెరువులు, ప్రభుత్వ భూములు కాపాడే సంస్థ హైడ్రా కూడా బహిరంగంగా హెచ్చరించింది. మీవి ఎనిమిది. ఎలాగోలా రిజిస్ట్రేషన్ చేయించేవాళ్లు ఉన్నారు. ఇద్దరు ముగ్గురిని ఒకే దస్తావేజులో చేర్చి అవిభాజ్య వాటా అని రాయిస్తారు. అప్పుడు మీది తూర్పున ఉన్న ఎనిమిదా, పడమరన ఉన్న ఎనిమిదా అన్నది ఏ కాగితమూ చెప్పదు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, పార్కు స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసి ఇచ్చేస్తారు. ఇక్కడ రోడ్డు అమ్మినవాడి పట్టాలోనే ఉండిపోతుంది. పదేళ్ల తర్వాత అతని కొడుకు దాన్ని దున్నేస్తే మీరు కోర్టుకు రావాలి. మాకు పని దొరుకుతుంది, మీకు దారి దొరకదు.

ఈసీ పదమూడేళ్లది చాలదు. కంప్యూటర్‌లో 1983 నుంచి దొరుకుతుంది, తీయించండి. ఇంకో చిక్కు ఉంది. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు దగ్గర ధరణి పోర్టల్‌లో జరిగాయి. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. సబ్ రిజిస్ట్రార్ ఈసీలో ఆ లావాదేవీలు కనిపించకపోవచ్చు, అందుకని రెండు చోట్లా చూడాలి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, వీలునామా, నోటిమాట పంపకం ఏ ఈసీలోనూ ఉండవు. నడుస్తున్న దావా ఉందేమో అమ్మేవాడి పేరుతో, అతని తండ్రి పేరుతో ఈ-కోర్టుల సైటులో వెతకండి.

పహాణీలు (భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉందో రాసే రికార్డులు) వెనక్కి 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా చూడాలి. అక్కడ రక్షిత కౌలుదారు పేరుండి, వాళ్లకు యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఈ సర్టిఫికెట్ వచ్చి ఉంటే పట్టాదారు వారసులు మీకు అమ్మేది ఉత్త కాగితం. ఇనాం భూమి అయితే ఓఆర్‌సీ, అంటే ఆక్యుపెన్సీ హక్కు పత్రం అడగండి. లావుణి పట్టా, అంటే పేదలకు సర్కారు ఇచ్చిన భూమి అయితే 1977 చట్టం అమ్మకాన్ని అడ్డుకుంటుంది. పైగా అది పోచంపల్లి ఉన్న జిల్లా. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చిన ఊరు. భూదాన భూమిని కొనలేరు. రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఎ నిషేధ జాబితాలో మీ సర్వే నంబరు లేదని మీ కళ్లతో చూసుకోండి.

చివరగా, అమ్మేది పిత్రార్జితమైతే ఆ ఇంటి ఆడపిల్లల సంతకాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే పెళ్లికాని కూతుళ్లకు వాటా ఉంది, 2005 సవరణతో దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. ‘చెల్లెళ్లకు పెళ్లిలోనే ఇచ్చేశాం’ అన్న మాట వినడానికి బాగుంటుంది, దావా పడ్డాక నిలవదు.

దూరతీరం | మంగళవారం, ఉదయం 7:30

డాలస్ నుంచి. ఈ చర్చ చదువుతుంటే గుండె జారింది. నాలుగు నెలల కిందట ఇలాంటి ఆరు గుంటలకే మూడు లక్షలు పంపాను, వీడియో కాల్‌లో చూసి. నాకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉంది, పాస్‌బుక్కు నా పేరునే వస్తుందన్నారు.

నల్లకోటు | మంగళవారం, ఉదయం 9:05

దూరతీరం గారూ, రాదు. విదేశీ మారక చట్టం నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డు ఉన్నవారు వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే వేరు. ఇళ్ల స్థలం, ఫ్లాటు నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు. పాస్‌బుక్కు ఇస్తామన్నారంటేనే అది వ్యవసాయ భూమి అని వాళ్లే ఒప్పుకున్నట్టు. ‘మీ బావమరిది పేరున పెడదాం’ అనే సలహా వస్తుంది, వినకండి, అది బినామీ చట్టం వాకిట్లోకి వెళ్లడమే. డబ్బు పంపిన బ్యాంకు వివరాలు, వాళ్ల సందేశాలు భద్రపరిచి రాతపూర్వకంగా వెనక్కి అడగండి.

పాత గుంట | మంగళవారం, మధ్యాహ్నం 1:45

అందరూ కలిసి ఆయన్ను బెదరగొడుతున్నారు. నేను 2009లో షాద్‌నగర్ వైపు పది గుంటలు కొన్నాను. సర్వే లేదు, వకీలు లేడు, ఒక మిత్రుడి మాట మీద కొన్నాను. 2018లో నాలుగింతలకు అమ్మాను. ఇన్ని కాగితాలు చూస్తూ కూర్చుంటే ఎవరూ ఎప్పుడూ ఏదీ కొనలేరు. రిస్కు ఉన్నచోటే లాభం.

వడ్డీకాసు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మీకు కలిసివచ్చింది, సంతోషం. కానీ మీరు 2018లో బయటపడ్డారు. 2020 ఆగస్టులో అనుమతి లేని లేఅవుట్‌లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లే ప్రభుత్వం ఆపేసింది. క్రమబద్ధీకరణకు సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చి ఏళ్ల తరబడి తేలకుండా పడి ఉండిపోయాయి. మీ దగ్గర కొన్నాయన ఆ వరుసలో ఉన్నాడేమో ఎప్పుడైనా కనుక్కున్నారా?

పాత గుంట | మంగళవారం, మధ్యాహ్నం 2:31

కనుక్కోలేదు. అడిగితే బాగుండదు కూడా.

లోను కిటికీ | మంగళవారం, సాయంత్రం 6:50

బ్యాంకులో గృహరుణాల విభాగం. మీకు అప్పు అక్కర్లేకపోయినా ప్లాటు రుణానికి ఒకసారి దరఖాస్తు పెట్టి చూడండి. మా ప్యానెల్ వకీలు లింకు దస్తావేజులన్నీ, అంటే ఆ జాగా చేతులు మారిన పాత కాగితాలన్నీ చదువుతాడు, విలువ కట్టేవాడు వెళ్లి చూస్తాడు. ఫీజు కొన్ని వేలు అవుతుంది. ఫామ్ ప్లాటుకు మేము ఇవ్వం. ఎందుకు ఇవ్వమో ఆలోచిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. రేపు మీ దగ్గర కొనేవాళ్లలో ఎక్కువమంది అప్పు చేసి కొనేవాళ్లే. అప్పు పుట్టని జాగాకు నగదు ఉన్నవాళ్లు మాత్రమే గిరాకీ.

ఇంకొకటి. దస్తావేజులో తక్కువ చూపించి మిగతాది నగదుగా ఇమ్మంటారు. భూమి బేరాల్లో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం, తీసుకున్నంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు. మీకు ఇంకో నష్టం: పదేళ్ల తర్వాత అమ్మినప్పుడు కాగితం మీద ఉన్న తక్కువ ధరే మీ కొన్న ధర, లాభం ఎక్కువ కనిపించి పన్ను మీకే పడుతుంది.

కొత్తబేరం | శనివారం, రాత్రి 10:05

బుధవారం దాటింది. బయానా ఇవ్వలేదు. గురువారం మధ్యవర్తి మళ్లీ ఫోన్ చేశాడు. శుక్రవారానికి గుంట మీద పాతిక వేలు తగ్గింది. ఎదురుచూస్తున్న ‘వేరేవాళ్లు’ ఏమయ్యారని అడగలేదు.

ఈరోజు ఒక్కడినే బైకు మీద వెళ్లాను. నిన్న రాత్రంతా వాన. రోడ్డు దిగి కిలోమీటరు పోయాక కొత్త మొరం దారి మొదలైంది. గేటు దగ్గర నేల గట్టిగానే ఉంది. బ్రోషర్ ప్రకారం నా ప్లాటు తూర్పు చివర. అటు నడుస్తుంటే చెప్పులు దిగబడ్డాయి. శ్రీగంధం మొక్కలు వరుసగా ఉన్నాయి, వాటి మధ్య మోకాలెత్తు తుంగ. చివరన ఒక తుమ్మచెట్టు. దాని మొదలు చుట్టూ నా తొడ ఎత్తున తెల్లటి మరక, తాడు కట్టి గీసినట్టు. మరక కింద బెరడు ఒక రంగు, పైన ఒక రంగు. ఆ గీత మీద ఎండిన నాచు, అందులో గోరంత నత్తగుల్ల ఒకటి అతుక్కుని ఉంది.

మేకలు కాస్తున్న ఒకామె కనిపిస్తే మంచినీళ్లు అడిగాను, సీసా ఇచ్చింది. ఇదివరకు ఇక్కడ ఏమి పండించేవారమ్మా అన్నాను. ‘కుంటలో ఏమి పండుతుందయ్యా? నీళ్లు దిగాక ఇంత జొన్న చల్లుకునేవాళ్లు’ అంది. కట్ట ఎటు అంటే చేత్తో చూపించింది. నేను గట్టు అనుకుని ఎక్కి దిగినదే కట్ట. మధ్యలో తెగి ఉంది. ఆ తెగిన చోటు నుంచే మొరం దారి వేశారు.

పక్క రైతు చెప్పిన ధర ఎకరం 55 లక్షలు. ఆ లెక్కన ఎనిమిది గుంటలు 11 లక్షలు. నన్ను అడిగింది 28.

ముప్పైమూడడుగులు గారు చెప్పిన కూడిక కూడా వేశాను. సేత్వారులో ఆ నంబరుకు 11 ఎకరాల 26 గుంటలు. భూభారతిలో ఉపవిభాగాలన్నీ కూడితే 12 ఎకరాల 14 గుంటలు. మూడుసార్లు కూడాను.

ముప్పైమూడడుగులు | శనివారం, రాత్రి 10:48

28 గుంటలు తేడా. అంటే మీలాంటి వాళ్లు ముగ్గురున్నర మంది గాలిలో కొంటున్నారు.

కట్ట తెగినంత మాత్రాన కుంట కుంట కాకుండా పోదు. రేపు ఎవరైనా ఆ గండి పూడిస్తే నీళ్లు మళ్లీ ఆ తుమ్మచెట్టు గీత దాకా వస్తాయి. శిఖంలో, అంటే కుంట నీళ్లు నిలిచే నేలలో పట్టా భూములు ఉండవచ్చు, నీళ్లు తగ్గాక సాగు చేసుకోవచ్చు, కట్టడం మాత్రం కుదరదు. నీరు పూర్తిగా నిండే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం ఆ హద్దు బయట కూడా పది హెక్టార్ల లోపు కుంటలకు 9 మీటర్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు వదలాలి. ఇలాంటివి కంప్యూటర్ ముందు కూర్చుని కూడా పట్టుకోవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు ఉంటాయి. ఆశ్వయుజ, కార్తీక మాసాల చిత్రాలు వరుసగా తిప్పితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అవే చెబుతాయి. మీరు తడిసి మరీ కనుక్కున్నారు, అదీ మంచిదే.

విశాఖగాలి | ఆదివారం, ఉదయం 8:20

మా వైపు వాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆంధ్రప్రదేశ్‌లో పహాణీ బదులు అడంగల్, టిపన్ బదులు ఎఫ్‌ఎంబీ, సేత్వారు స్థానంలో ఆర్‌ఎస్‌ఆర్. పేర్లు మారాయి, కూడిక అదే. లెక్క సెంట్లలో: వంద సెంట్లు ఎకరం, సెంటు 48.4 గజాలు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి భీమిలి నుంచి విజయనగరం దాకా ప్రతి తోటకూ గేటు పెట్టేస్తున్నారు. సముద్రం కనిపించే స్థలమైతే తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) హద్దు చూసుకోండి, పోటు మీద నీళ్లు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా ఆంక్షలు ఉంటాయి. అరకు వైపు ‘చల్లటి చోట స్థలం’ అని ఎవరైనా అంటే మాట కూడా కలపకండి. అది ఏజెన్సీ. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు అక్కడ భూమి బదిలీ చెల్లదు.

తుళ్లూరు తోట | ఆదివారం, ఉదయం 10:40

కాగితాలు, నీళ్లు, దారి అన్నీ సరిగ్గా ఉండి కూడా దెబ్బతినవచ్చు. నా కథ వినండి. 2016లో అమరావతి రాజధాని ప్రాంతంలో ఒక రైతుకు భూసమీకరణలో వచ్చిన ప్లాటు కొన్నాను. దస్తావేజులో మచ్చ లేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా కొన్న ధరలో సగానికి అడిగేవాడు లేడు. ‘కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి’ అంటారే, ఆ అడవిలో నేను ఉన్నాను. ఆ నడుమ మా అబ్బాయి ఫీజుకు బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చింది. 2024 తర్వాత మళ్లీ ధర లేచింది, ఇప్పుడు కొన్నదానికి పైనే ఉన్నాను. కానీ ఫీజు కట్టాల్సిన సంవత్సరం ధర కోసం ఆగలేదు. కొత్తబేరం గారూ, మీ 32 లక్షల్లో 28 భూమిలో పెడితే చేతిలో మిగిలేది ఎంత?

వడ్డీకాసు | ఆదివారం, ఉదయం 11:15

అసలు ప్రశ్న ఇప్పుడు వచ్చింది. బీబీనగర్ ప్లాటు లెక్కే వేద్దాం. 28 లక్షలు, రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం అంటే 2 లక్షల 10 వేలు, మధ్యవర్తికి, వకీలుకు, కంచెకు కలిపి ఇంకో 90 వేలు వేసుకోండి. 31 లక్షలు. అదే 31 లక్షలు ఏడు శాతం డిపాజిట్‌లో పదేళ్లుంటే పన్నుకు ముందు 61 లక్షలు. అంటే మీ 200 గజాలు పదేళ్ల తర్వాత గజం 30,500 పలికితే డిపాజిట్‌తో సమానం, అంతే. అంతకంటే పైన వచ్చినదే భూమి మీకిచ్చిన లాభం. వద్దనడం లేదు. పదేళ్లలో రెట్టింపయితే లాభపడ్డామని మనవాళ్లు పండుగ చేసుకుంటారే, అది చూసి రాశాను.

కొత్తబేరం | ఆదివారం, రాత్రి 9:20

తుళ్లూరు తోట గారి ప్రశ్న పగలంతా కుదురుగా ఉండనివ్వలేదు. ఇంట్లో మాట్లాడుకున్నాం. ఫామ్ ప్లాటు వదిలేశాను. బీబీనగర్ లేఅవుట్‌లో 150 గజాలది ఉందా అని అడుగుతాను.

కమీషన్ ఒక్కశాతం | ఆదివారం, రాత్రి 9:45

అడిగేటప్పుడు ఇవి కూడా. అనుమతి డ్రాఫ్టా, ఫైనలా? లేఅవుట్ పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు హెచ్‌ఎండీఏకు తనఖాలో ఉంటాయి. ఆ ప్లాట్ల నంబర్లు అనుమతి పత్రంలోనే రాసి ఉంటాయి. అలాంటివి కాస్త తగ్గించి అమ్మజూపుతారు. తనఖా విడుదల కాగితం చూడకుండా ముట్టుకోవద్దు. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు సైటులో వేసి చూడండి, ఎనిమిది ప్లాట్లు దాటినా, 500 చదరపు మీటర్లు దాటినా రెరా నమోదు తప్పనిసరి. ప్లాటు పైన హైటెన్షన్ తీగలు, కింద గ్యాసు పైపు లేవని చూసుకోండి. పైపు వెళ్లేచోట పసుపు రంగు గుర్తు రాళ్లు పాతి ఉంటాయి, అవి గడ్డిలో కనిపించవు.

కొత్తబేరం | మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:30

150 గజాలు దొరకలేదు. వాళ్లు ముందు చూపించిన 200 గజాల ప్లాటు తనఖా జాబితాలో ఉంది! నంబరు చూపిస్తే ‘అది త్వరలో విడుదలైపోతుంది సార్’ అన్నారు. వద్దని, అదే లేఅవుట్‌లో రెండేళ్ల కిందట కొన్న ఒకాయన అమ్ముతుంటే ఆయన దగ్గర మాట్లాడాను. 200 గజాలు, గజం 13 వేలు, అంటే 26 లక్షలు. ఫైనల్ అనుమతి వచ్చింది, ఈసీ 1983 నుంచి తీయించాను, బ్యాంకు వకీలు కూడా సరే అన్నాడు. మా ఆవిడ ఉద్యోగం చూపించి అయిదు లక్షలు రుణం పెట్టుకుంటున్నాం, కాబట్టి చేతిలో కొంత మిగులుతుంది.

ఒక్క సందేహం. దస్తావేజులో కొలత 36 అడుగులు, 50 అడుగులు. ఈరోజు టేపు పట్టుకుని వెళ్లాను. ముందు వైపు 35 అడుగుల 4 అంగుళాలే వచ్చింది, వెనకా అంతే. పక్క ప్లాటు ఆయన ప్రహరీ గోడ కట్టుకున్నాడు, అది ఇటు జరిగినట్టుంది. మూడున్నర గజాలకు పైగా పోతోంది, డబ్బులో 48 వేల దాకా. అమ్మే ఆయన ‘ఎనిమిది అంగుళాలకు ఏమి పట్టింపు సార్’ అంటున్నాడు. రిజిస్ట్రేషన్ గురువారం.

ముప్పైమూడడుగులు | శనివారం, సాయంత్రం 6:02

గురువారం వాయిదా వేయండి. రిజిస్ట్రేషన్ అయ్యాక పక్కవాడి గోడతో మీరు పోట్లాడలేరు, ఈరోజు అమ్మే ఆయన పోట్లాడగలడు, ఎందుకంటే డబ్బు ఇంకా మీ దగ్గరే ఉంది. గోడ జరగకపోతే దస్తావేజులో నేల మీద ఉన్న కొలతే రాయించి, ధర ఆ మేరకు తగ్గించుకోండి. అయితే తప్పు ఆ గోడదేనని ఇప్పుడే అనకండి. అటు చివరి ప్లాటు రాయి నుంచి వరుసంతా కొలిస్తే ఎవరి దగ్గర ఎక్కువ ఉందో తేలుతుంది.

నేను ఉండేది ఘట్‌కేసర్. ఆదివారం ఉదయం ఏడింటికి వస్తాను. లేఅవుట్ పటం పెద్ద సైజు నకలు, ఒక సుత్తి, నాలుగు మేకులు, సున్నం పొట్లం తీసుకురండి. పక్కింటాయనను కూడా పిలవండి, ఆయన లేనప్పుడు కొలిచిన కొలత కొలత కాదు. గొలుసు నా దగ్గర ఉంది.